మా ఇంటి పది నిమిషాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది దాదీ, అమ్మీ, అబ్బా, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన అబ్బా చెల్లెలు ముబషిరా ఫుప్పు, పక్కింటి జోగులమ్మ, వసారాలో కుర్చీలేసుకుని కూర్చున్న మగవాళ్లు కొందరు, వీధి గదిలో తలుపు దగ్గరేసుకుని మా అన్న బాసిత్ భాయ్, నేను. దాదా లేడు. దాదా పోయి అది మూడో రోజు. డైరీలో ఇంటివాళ్ల పేర్లు రాసేటప్పుడు మొదట దాదా పేరు రాయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. జలాలుద్దీన్ దాదా, బడేబీ దాదీ, అట్లా వరసగా వచ్చి చివరికి నేను. ఈసారి దాదీతో మొదలుపెట్టాల్సి వచ్చింది, పెన్ను ఒక్క క్షణం కాగితం మీదికి దిగలేదు. గోడ గడియారం మాత్రం దాదా పెట్టినట్టే నడుస్తూ ఉంది. లోకం కంటే పది నిమిషాలు ముందు.

నడింట్లో తెల్ల దుప్పటి పరిచి దాని మధ్యలో చింతగింజలు కుప్పగా పోసింది అమ్మీ. ఆ గింజలు మా ఇంట్లో అటక మీద రేకు డబ్బాలో ఉంటాయి, ఎవరైనా పోయినప్పుడే కిందికి దిగుతాయి. ఎందరి వేళ్లో తగిలి నున్నగా మెరుగెక్కి ఉంటాయి. జియారత్ రోజు, అంటే ఈ మూడో రోజు, అందరూ దుప్పటి చుట్టూ కూర్చుని ఒక్కో గింజకు ఒక్కో కల్మా చదివి ఇవతలి కుప్పలో వేయాలి, మళ్లీ గింజ, మళ్లీ కల్మా, కుప్ప తరిగిపోతే మళ్లీ మొదలు. ఆడవాళ్లం లోపల, మగవాళ్లు వసారాలో. సాయంత్రం అసర్ నమాజు అయినాక మగవాళ్లు గోరీ మీద కప్పే పూల చాదర్ తీసుకుని ఖబ్రస్తాన్‌కు పోతారు, మేం పోం. పూలు బుట్టలో తడిగుడ్డ కింద ఉన్నాయి. వాటి వాసన ఇల్లంతా ఉంది, దాని మీద ఊదు పొగ ఉంది, ఆ రెండిటి కింద దాదా మందుల వాసన ఇంకా ఉంది, లేకపోతే ఉందని నాకే అనిపిస్తున్నదో. నా నోరు కల్మా చదువుతూనే ఉంది కానీ చెవులు మాత్రం వీధి గది తలుపు దగ్గర ఉన్నాయి. నాలుగింటికి భాయ్‌కు కాల్ ఉంది. ఆ కాల్‌లో కారణం చెప్పలేకపోతే భాయ్ ఉద్యోగం పోతుంది. ఇంట్లో ఈ సంగతి తెలిసింది నా ఒక్కదానికే. పొద్దున చాయ్ ఇవ్వడానికి పోతే ఫోన్‌లో భాయ్ పై అధికారి రజిత మేడం గొంతు గదంతా వినిపిస్తూ ఉంది. "మీ తాతగారి సంగతి విన్నాను బాసిత్, బాధగా ఉంది. కానీ ఇది రెండో వారం. నాలుగింటికి అందరూ ఉంటారు. మెషిన్లు ఎందుకు ఫెయిలవుతున్నాయో మీరు చెప్పాలి. చెప్పకపోతే మిమ్మల్ని ఇంకా ఉంచమని నేనెవరినీ అడగలేను." భాయ్ "ఓకే మేడం" అన్నాడు. మయ్యతు రోజు గోరీలో మట్టి వేసి వచ్చి చేతులు కడుక్కుంటూ ఎట్లా నిలబడ్డాడో అట్లాగే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి "ఎవరికీ చెప్పకు" అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చెప్పే పిల్లను కానని తెలిసి కూడా ఊపాడు.

ఉద్యోగం పోతే ఏమవుతుందో నాకు తెలుసు. గద్వాలలో అబ్బా దోస్తుకు సిమెంటు దుకాణం ఉంది, అక్కడ కూర్చోబెడతానని అబ్బా ఎప్పటి నుంచో అంటున్నాడు. ఇల్లు కదలకుండా చేసే పని అబ్బా దృష్టిలో పనే కాదు. "కూసున్న కాడనే కూసోని ఏం జేస్తవ్‌రా పొద్దుందాక?" అని అడుగుతాడు. భాయ్ నవ్వుతాడు. నన్ను వనపర్తిలో పాలిటెక్నిక్‌కు పంపాలని అబ్బాతో వాదించేది కూడా భాయే, ఆ నవ్వుతోనే. సిమెంటు దుకాణంలో కూర్చున్న మనిషి మాట ఇంట్లో ఎంత చెల్లుతుందో నేను ఊహించుకోగలను. గింజ వేశాను. ఇంకో గింజ తీసుకున్నాను.

భాయ్ పని నాకు అర్థమైనంతలో ఇది. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టం అని ఒకటి ఉంటుంది. అది లేకపోతే కంప్యూటరు ఉత్త డబ్బా. భాయ్ కంపెనీ హైదరాబాదులో అట్లాంటిదాన్ని తయారుచేస్తుంది. ఆఫీసులకు పంపేముందు దాని తాళం గట్టిదో కాదో పరీక్షించడం భాయ్ వంతు. మెషిన్ ఒక నంబరు అడుగుతుంది. ఆ నంబరు ఫోన్‌లో కనబడుతుంది, అర నిమిషం బతికి మారిపోతుంది. సరైన నంబరు కొడితే మెషిన్ తెరుచుకోవాలి, కాలం చెల్లిన నంబరు కొడితే తెరుచుకోకూడదు. అంతే పరీక్ష. హైదరాబాదులో రాకేష్ అనే అతను చేస్తే అన్ని మెషిన్ల మీదా పాసవుతుంది. మా అమరచింతలో మూడు లాప్‌టాప్‌లు ఉంటే కొత్తది ఎప్పుడూ పాసవుతుంది, ఒకటి ఎప్పుడూ ఫెయిలవుతుంది, ఇంకొకటి దాని ఇష్టం. పొద్దున స్టార్ట్ చేయగానే ఫెయిలవుతుంది, కాసేపటికి ఏమీ చేయకుండానే పాసవుతుంది. అర క్షణం కింద ఫోన్‌లో పుట్టిన నంబరును పట్టుకుని, దీని కాలం చెల్లిపోయింది పో అంటుంది. భాయ్ ఫోన్ మార్చి చూశాడు, వైర్లు మార్చి చూశాడు, సిగ్నల్ కోసం మిద్దె మీదికి మోసుకుపోయి చూశాడు. కరెంటు బాగలేదేమో అన్నాడు అబ్బా. నజర్ తగిలిందని ఫుప్పు దువా చదివి మూడు మెషిన్ల మీదా ఊదింది. ఆ పూట ఆ ఇష్టారాజ్యపు మెషిన్ నిజంగానే పాసైంది. ఫుప్పు ఇప్పటికీ ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెప్తూ ఉంది.

మూడు లాప్‌టాప్‌లూ దాదా బల్ల మీదే ఉంటాయి. దాదా గడియారాలు బాగుచేసేవాడు. బస్సులు ఆగే చోట చిన్న డబ్బా కొట్టు ఉండేది. ఫోన్లు వచ్చి చేతి గడియారాలు పోయినాక కొట్టు ఎత్తేసి బల్లను మాత్రం ఇంటికి తెచ్చి వీధి గదిలో వేసుకున్నాడు. కంటికి పెట్టుకునే నల్ల భూతద్దం, సన్న పట్టకార్లు, సూదిమొన సీసాలో నూనె. ఆ నూనె గడియారాలకే కాదు, ఇంట్లో అన్ని తలుపుల మడతబందులకూ వేసేవాడు. చప్పుడు చేసే తలుపు మా ఇంట్లో లేదు. దాదా మంచాన పడ్డాక భాయ్ ఆ బల్లను కొంచెం కొంచెంగా ఆక్రమించాడు, మొదట ఒక మూల, తర్వాత సగం. భూతద్దాన్ని మాత్రం పక్కకు జరపలేదు. అది లాప్‌టాప్‌ల మధ్యలో అట్లాగే బోర్లా పడి ఉంది. నిన్న దుమ్ము తుడుస్తూ నేనూ దాని చుట్టూనే తుడిచాను.

"ఆ గడియారం సరిజేయరాదా ఇగనన్నా," అంది ఫుప్పు గింజ వేస్తూనే, గోడ వైపు గడ్డం చూపించి. "వచ్చెటోళ్లు పరేషాన్ అయితుండ్రు. అసర్ అయిందో కాలేదో తెలుస్తలేదు."

దాదీ తలెత్తలేదు. "ముట్టుకోకు."

"నేనేమన్న అన్ననా అమ్మీ? లోకమంతా ఒక టైం, మనిల్లు ఒక టైం."

"నీ పెండ్లికి గూడ గా టైమే నడిచింది. ముట్టుకోకు."

జోగులమ్మ గుమ్మం అవతల కూర్చుని గిన్నెలు తుడుస్తూ ఉంది. మూడు రోజులూ మా పొయ్యి వెలగలేదు, చాయ్ నుంచి రాత్రి అన్నం దాకా ఆమె ఇంటి నుంచే వచ్చింది. గిన్నె మీద గుడ్డ ఆపి అంది. "గిప్పుడు సరిజేస్తరా? నేను ఈ వాడకట్టుకు కోడలై వచ్చిన కాడికెళ్లి జూస్తున్న, ఈ ఇంట్ల కోడి గూడ పది నిమిషాలు ముందుగాల్నే కూస్తది." అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు. "ఏ గడియారమొచ్చినా గంతే," అంది జోగులమ్మ ఇంకో గిన్నె తీసుకుంటూ. "ఈ గడప లోపటికొచ్చిందంటే పెద్దాయన చెయ్యి పడాల్సిందే. మా ఆయన చేతి గడియారం గూడ ఒకపారి చాయ్ తాగనొచ్చి ముందుకు దూకిచ్చుకొని పోయిండు. పోవుడు గూడ ముందుగాల్నే పాయె, మహానుభావుడు."

ఏ గడియారమొచ్చినా. ఈ గడప లోపలికి. నా చేతిలో గింజ అట్లాగే ఉండిపోయింది. చలికాలంలో ఒక పొద్దున, తెల్లవారి ఫజర్ నమాజు అయినాక, నేను చాయ్ తీసుకుని వీధి గదిలోకి పోతే దాదా బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కంటికి భూతద్దం ఉంది. ముందర గడియారం లేదు, భాయ్ కొత్తగా తెచ్చిన లాప్‌టాప్ ఉంది. దాని మూలన చిన్న అంకెలుంటాయి కదా, వాటిని చూస్తున్నాడు. "ఇది వెనకవడ్డది బేటీ," అన్నాడు నాతో, జబ్బు మనిషిని చూసి అన్నట్టు. నేను నవ్వాను. దాదాకు ఇంగ్లిషు రాదు కానీ టైం అనే మాట గుర్తుపడతాడు, గడియారాల డబ్బాల మీద ఉండేది కదా. ఆ మాట ఎక్కడుందో వెతుక్కుంటూ ఒక్క వేలితో, ముల్లు తిప్పినంత నెమ్మదిగా, తెర మీద ఒక్కో మెట్టూ దిగిపోయాడు. చాయ్ చల్లారిపోయింది. చివరికి మూలన అంకెలు గోడ మీది గడియారంతో కలిశాయి, దాదా భూతద్దం తీసి కన్ను నలుపుకున్నాడు. మర్నాడు అది మళ్లీ వెనక్కి జరిగిందట. లోపల ఏదో మీట దాన్ని గుంజుతుందని వెతికి, వెతికి, దాన్ని ఆర్పేశాడు. గడియారాల మనిషి, వదలడు. రెండో దానికీ టైం మార్చాడు, మీట సంగతి చూసేలోగా మంచాన పడ్డాడు. మూడోది, కొత్తది, ఆయన పడుకున్నాక వచ్చింది. దాని మీద దాదా చెయ్యి పడలేదు.

ఒకటి ఎప్పుడూ ఫెయిలవుతుంది, ఒకటి దాని ఇష్టం, కొత్తది ఎప్పుడూ పాసవుతుంది. దుప్పటి మీది గింజలన్నీ ఒక్కసారి కదిలినట్టు అనిపించింది. భాయ్ ఒకసారి నాకు చెప్పాడు, మిద్దె మీద, నేనే అడిగితే. ఫోన్‌లో నంబరు మెషిన్‌కు ఎట్లా తెలుస్తుంది, వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారా అని. "మాట్లాడుకోరు," అన్నాడు భాయ్. "ఇద్దరికీ ఒకటే రహస్యం తెలుసు. ఇద్దరూ ఎవరి గడియారం వాళ్లు జూసుకొని లెక్క గడ్తరు. లెక్క కలిస్తే తలుపు తెరుస్తది." ఎవరి గడియారం వాళ్లు చూసుకుని. ఫోన్‌ది లోకం టైము. మెషిన్‌ది దాదా టైము. నిన్న నేను బల్ల తుడుస్తూంటే ఆ ఇష్టారాజ్యపుది స్టార్ట్ అయింది, మూలన అంకెలు గోడ గడియారంతో కలిసే ఉన్నాయి, కాసేపటికి సిగ్నల్ తగిలిందేమో, నా కళ్లముందే పది నిమిషాలు వెనక్కి గెంతాయి. మూడు రాత్రులు నిద్ర లేని కళ్లు, నావే తప్పనుకుని గుడ్డ పిండేశాను. మళ్లీ ఆర్పి వెలిగిస్తే మళ్లీ దాదా టైముతోనే లేస్తుంది కాబోలు, అందుకే పొద్దున ఫెయిల్, తర్వాత పాస్.

భాయ్‌కు ఇది ఎందుకు తట్టలేదు? రాకేష్ అడిగాడు కూడా. పొద్దున అదే చాయ్ పూట, రజిత మేడం పెట్టేశాక, రాకేష్ ఫోన్ చేసి "అన్నా, టైం చెక్ చేసినవా మెషిన్ల మీద?" అన్నాడు. భాయ్ మెషిన్ మూలన చూశాడు, తలెత్తి దాదా గోడ గడియారం చూశాడు. "కరెక్టే ఉన్నది," అన్నాడు. "గోడ మీద గడియారంతోని కలుస్తుంది." నేను పక్కనే ఉన్నాను, కప్పు పట్టుకుని. నాకూ కరెక్టుగానే కనిపించింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఎవరైనా, దారినపోయే ఎవరైనా, ఆ గదిలోకి వస్తే చేతి గడియారం చూసుకుని ఇదేంటి అని అడిగేవాళ్లు. ఈ ఇంట్లో పుట్టినవాళ్లం మేం అడగం. ఫోన్‌లో టైం ఎప్పుడూ వెనక ఉండటం మాకు పుట్టినప్పటి నుంచీ మామూలు. ఇంటి టైము వేరు, ఫోన్ టైము వేరు, ఇంటిదే సరైనది. భాయ్ ఎంత చదివినా ఆ తల ఎత్తి చూసింది దాదా గడియారాన్నే.

చెప్పాలి. లేచి, వసారా దాటి, తలుపు తోసి, ఒక్క మాట చెప్పాలి. గడియారం దాదాది అంటే చాలు, భాయ్‌కు అర్థమైపోతుంది, మిగతాది తనే చూసుకుంటాడు. నేను లేవలేదు. నోరు కల్మా చదువుతూనే ఉంది. ఏడో తరగతిలో హాజరు పిలిచేటప్పుడు నేను ప్రెజెంట్ సార్ అనేదాన్ని, సార్‌కు వినిపించేది కాదు, ఆబ్సెంటు వేసేవాడు. మళ్లీ లేచి ఉన్నాను సార్ అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. సుమన నా పక్కన కూర్చునేది, ఆమె చెప్పేది, సార్ బుష్రా ఉంది సార్ అని. సుమన రాని రోజుల్లో నేను కూడా రానట్టే. బోర్డు మీది లెక్కకు జవాబు ముందే తెలిసినా చెయ్యి బల్ల కిందే ఉండేది. ఇప్పుడు సుమన లేదు. చీటీ రాసి తలుపు కిందికి తోద్దామంటే నా పెన్నూ పుస్తకాలూ ఆ గదిలోనే, దాదా అలమారా కింది అరలో ఉన్నాయి. ఫోన్ నాకు లేదు. అమ్మీ ఫోన్ ఆత్మకూరు నుంచి వచ్చేవాళ్లకు దారి చెప్పడానికి అబ్బా జేబులో ఉంది. అమ్మీ చెవిలో చెప్దామంటే అమ్మీకి ఉద్యోగం సంగతి తెలియదు, మొదటి నుంచి చెప్పాలి, అమ్మీ ఏందే ఏందే అని గట్టిగా అడుగుతుంది, అందరూ తిరుగుతారు. తిరిగినాక ఏం చెప్పాలి? మూడు రోజుల కింద పోయిన మనిషి వల్ల బాసిత్ ఉద్యోగం పోతుందని చెప్పాలా? ఆయన చింతగింజల ముందు కూర్చుని? వసారాలో అబ్బా వింటాడు. మొన్న ఎవరో చుట్టం, ముసలాయన మంచోడే కానీ జర మొండి అంటేనే అబ్బా చాయ్ కప్పు కింద పెట్టి లేచిపోయాడు.

గుజరిపోయిన వాళ్ల ఎదుట వాళ్ల తప్పు మాట్లాడొద్దంటారు. ఇది తప్పా? దాదీ ఒకసారి నాకు జడ వేస్తూ చెప్పింది. దాదాకు మొట్టమొదట ఒక ఆడపిల్ల పుట్టిందట, అబ్బా కంటే ముందు. జ్వరం తగ్గకపోతే వనపర్తి దవాఖానకు పోదామని ఆత్మకూరు బస్సు కోసం పరుగెత్తారట. దాదా పిల్లను భుజాన వేసుకుని ముందు, దాదీ వెనక. రోడ్డెక్కేసరికి బస్సు వంపు తిరుగుతూ ఉంది. అరిచారట. దుమ్ము కనిపించింది, బస్సు కనిపించలేదు అంది దాదీ. తర్వాతి బస్సు సాయంత్రం. అంతే చెప్పింది, జడ గట్టిగా లాగి ముడేసింది. ఆ పిల్ల పేరు దాదీ ఎప్పుడూ చెప్పలేదు. మర్నాటి నుంచే దాదా ఇంట్లో ముల్లు ముందుకు తిప్పాడు, కొట్టులో బాగుకు వచ్చిన గడియారాలను మాత్రం సరైన టైముకే పెట్టి ఇచ్చేవాడు. పది నిమిషాలు మా ఇంటివాళ్లకే. రంజాన్‌లో సహరీకి మేం ముందే లేచేవాళ్లం, బడికి ముందే పోయి మూసిన గేటు ముందు నిలబడేవాళ్లం. పోయిన వారం, ఊపిరి ఆడని రాత్రి తెల్లవారుతూంటే, ఆంబులెన్సుకు ఫోన్ చేయమని అబ్బా ఇంకా అంటూనే ఉన్నాడు, దాదా అప్పటికే చెప్పులు వేసుకుని మంచం అంచున కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు. దవాఖానకు వేళకు ముందే చేరాం. ముందే చేరినా ఏమీ కాలేదు. చెప్పులు సంచీలో పెట్టి మా చేతికిచ్చారు. ఆ సంచీ ఇంకా అటకకు ఆనించి ఉన్న నిచ్చెన కింద ఉంది, ఎవరూ విప్పలేదు. నేను పోయి భాయ్‌తో చెప్తే భాయ్ మొదట చేసే పని ఆ పది నిమిషాలను తీసేయడం. ఒక్క వేలితో దాదా చాయ్ చల్లార్చుకుని ఎక్కించినవి. చెప్పకపోతే భాయ్ గద్వాల సిమెంటు దుమ్ములో కూర్చుంటాడు. దాదా ఉంటే ఏం చేసేవాడు? నవ్వేవాడు. అరే పాగల్, నీ పని పాడైతుంటే సరిజేసుకోవద్దా అనేవాడు. అనేవాడా? ముల్లు వెనక్కి తిప్పడం ఎప్పుడూ చూడలేదు నేను, ఆయన చేతిలో.

"బుష్రా, గింజలు వేస్తలేవు," అంది ఫుప్పు. "నిద్ర వస్తుందా?"

కాదన్నట్టు తల ఊపి గుప్పెడు గింజలు తీసుకున్నాను. అప్పుడు గోడ గడియారం కొట్టింది. నాలుగు. ఒక్కో గంటా గోడలోంచి నా వీపులోకి వచ్చింది. అయిపోయింది. కాల్ మొదలైపోయింది, అందరూ వచ్చి కూర్చుంటారు, చెప్పండి బాసిత్ అంటారు, భాయ్ చెప్పడానికి ఏమీ ఉండదు. నేను ఇక్కడ కూర్చుని ఉన్నాను, జవాబు నా గొంతులో ఉంది, బల్ల కింద చెయ్యి. కళ్లలో నీళ్లు వచ్చాయి. అమ్మీ చూసి, దాదా కోసమనుకుని నా వీపు నిమిరింది. ఆ చెయ్యి వీపు మీద ఉండగానే తట్టింది. కాలేదు. నాలుగు కాలేదు. ఇది మా ఇంటి నాలుగు. రజిత మేడం నాలుగుకు ఇంకా పది నిమిషాలుంది. దాదా పది నిమిషాలు. బస్సు ఇంకా వంపు తిరగలేదు, పరుగెత్తితే అందుతుంది.

లేచాను. గుప్పెట్లో గింజలు అట్లాగే ఉన్నాయి. ఫుప్పు ఏదో అంది, దాదీ "పోనియ్యి" అంది. దుపట్టా తల మీదికి లాక్కుని వసారాలోకి వచ్చాను. మగవాళ్ల మోకాళ్లు, చెప్పులు, ఒడిలో తెరిచి పెట్టుకున్న ఖురాన్ సిపారాలు. అబ్బా ఫోన్‌లో ఎవరికో దారి చెప్తున్నాడు. జోగులమ్మ పెనిమిటి కురుమయ్య చదవడానికి రాక, లేచి పోవడానికి మనసొప్పక, గోడ వారగా కూర్చుని ఉన్నాడు. "ఏంది బిడ్డా, అన్నకు చాయ్ గావాల్నా?" అన్నాడు. అందరూ తలలెత్తారు. నేను అవునన్నట్టు, కాదన్నట్టు తల ఊపాను. మొహం కాలిపోయింది. నేల చూస్తూ నడిచాను. వీధి గది తలుపు దగ్గరికి వేసి ఉంది. తోశాను. చప్పుడు లేకుండా తెరుచుకుంది.

భాయ్ దాదా బల్ల ముందు, దాదా కూర్చునే స్టూలు మీద, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కూర్చుని ఉన్నాడు. మూడు తెరలూ వెలుగుతున్నాయి. రెండు ఎర్రగా, ఒకటి పచ్చగా. మూడు రోజుల గడ్డం. ఇస్త్రీ చొక్కా పైన, కింద లుంగీ. భాయ్ నా వైపు తిరగలేదు, ఒక తెర మీద ఏదో వేగంగా కొడుతున్నాడు, మళ్లీ కొడుతున్నాడు, ఎర్రది ఎర్రగానే ఉంది. నాకు ఆ తెర మూల కనబడుతూ ఉంది, నాలుగు దాటిన అంకెలు, పక్కనే బల్ల మీద భాయ్ ఫోన్, దాని మీద ఇంకా నాలుగు కాని అంకెలు. రెండూ ఒక్క జానెడు దూరంలో ఉన్నాయి. అతను రెండిటినీ చూస్తూనే ఉన్నాడు.

"భాయ్," అన్నాను. నాకే వినిపించలేదు. దగ్గరికి పోయి చొక్కా పట్టుకున్నాను. తిరిగాడు, ఒక చెవిలోది తీశాడు. "దాదా," అన్నాను. తర్వాతి మాట ఉంది, రాలేదు. మూడు రోజులుగా ఆ పేరు నేను పైకి అనలేదు. అనగానే ఇట్లా అవుతుందని నాకు తెలియదు. "దాదా, దాదా," అన్నాను, అంతే వస్తూ ఉంది, ఏడుపు లోపలి నుంచి ఒకటే తోసుకొస్తూ ఉంది. ఇక లాభం లేదని చెయ్యి ఎత్తి చూపించాను, తెర మూలకు, అంకెలకు. గుప్పెట విచ్చుకుని గింజలు బల్ల మీద జారి చెల్లాచెదురయ్యాయి. భాయ్ నా వేలు చూపిన వైపు చూశాడు. అక్కడ భూతద్దం ఉంది, రెండు లాప్‌టాప్‌ల మధ్య, బోర్లా.

భాయ్ మొహం మారిపోయింది. లేచి నిలబడి నా తలను పొట్టకు ఆనించుకున్నాడు. చొక్కాకు ఊదు వాసన ఉంది. "నాకు గూడ అమ్మా," అన్నాడు. "పొద్దుగాల్నుంచి అదే జూస్తున్న నేను గూడ. తియ్య బుద్ధి అయితలేదు." నేను తల అడ్డంగా ఊపాను, అది కాదు అది కాదు అని, చొక్కా మీద నా మొహం అటూ ఇటూ రుద్దుకుంది. దాన్ని కూడా ఏడుపే అనుకున్నాడు. వీపు మీద తట్టాడు. నాలుగు కాకముందే ఫోన్ మోగడం మొదలుపెట్టింది, తెర మీద రజిత మేడం పేరు. భాయ్ గింజలను చేత్తో ఒక్క దగ్గరికి చేర్చి నా గుప్పెట్లో పోసి గుప్పెట మూశాడు. భుజాలు పట్టుకుని మెల్లగా తలుపు దాకా నడిపించాడు.

"కాల్ అయినంక ఇద్దరం గూసుందాం. నువ్వు లోపటికి పో, దాదీ దగ్గర గూసో. జర ఇంతసేపు."

గడప ఇవతల నన్ను నిలబెట్టాడు. వసారాలో తలలన్నీ నా వైపే ఉన్నాయి. నోరు తెరిచాను, ఈసారి గాలి కూడా వచ్చింది, "గడి..." అన్నాను. భాయ్ అప్పటికే చెవిలోది మళ్లీ పెట్టుకుని, ఆఫీసు వాళ్లతో మాట్లాడే గొంతు పెట్టుకుని, "గుడ్ ఆఫ్టర్నూన్ మేడం" అంటూ నా మొహం మీద తలుపు మూశాడు. దాదా నూనె వేసిన తలుపు, చప్పుడు కాలేదు.